రాళ్ల వాన రోజులు: వాతావరణ సూచనను ఎలా చదువుకోవాలి?

పొద్దున ఎండ చుర్రుమంటుంది. మధ్యాహ్నం మూడు దాటగానే పడమట మొగులు లేస్తుంది. కల్లంలో ఉడకబెట్టిన పసుపు పరిచి ఉంటుంది. మడిలో వరి గింజ గట్టిపడి కంకి వంచుకుని ఉంటుంది. ‘వాన వస్తదా, రాదా?’ అని మీరు ఆకాశం వైపు చూస్తారు, ఇంట్లో వాళ్లు మీ వైపు చూస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ పల్లెల్లో ఏటా ఉండే గుబులే ఇది. 2023లో ఇవే నెలల్లో తెలంగాణలో కురిసిన వడగళ్లకు కోతకొచ్చిన వరి నేల రాలింది.

బోధన్ పక్క రైతులకు ఈ గుబులు మునుపటికన్నా పెరిగింది. నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని 1937లో శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తోటలు తగ్గి వరి పెరిగింది. చెరకుకు రాళ్ల వాన తగిలితే ఆకులు చీలుతాయి, గడ చాలావరకు నిలుస్తుంది. పండిన వరికి తగిలితే గింజ మట్టిలో కలుస్తుంది. పంట మారింది కనుక వానను చూసే తీరు కూడా మారాలి.

ఈ వానలు ఎందుకు?

ఎండాకాలం మొదట్లో నేల బాగా కాగుతుంది. మార్చి చివరికి నిజామాబాద్‌లో పగటి వేడి 40 డిగ్రీలకు చేరువవుతుంది. అదే సమయంలో విదర్భ, మరాఠ్వాడా నుంచి దక్షిణానికి ద్రోణి ఏర్పడితే బంగాళాఖాతం తేమగాలి లోపలికి వస్తుంది. కాగిన నేల మీది గాలి ఆ తేమను మోసుకుని నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పైన చలికి నీటి బొట్లు గడ్డకట్టి రాళ్లుగా పడతాయి. అందుకే ఈ వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత, గాలిదుమారంతో వస్తుంది. ఒక ఊళ్లో కొడుతుంది, పక్క ఊళ్లో చుక్క ఉండదు.

‘కొన్ని చోట్ల’ అంటే ఎన్ని చోట్ల?

వాతావరణ శాఖ వాడే ప్రతి మాటకూ లెక్క ఉంది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం వరకు. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం. ‘అనేక చోట్ల’ అంటే 51 నుంచి 75. ‘దాదాపు అన్ని చోట్ల’ అంటే అంతకు మించి. ఒకటి రెండు చోట్ల అని చెప్పిన రోజు మీ చేనులో వాన పడకపోతే సూచన తప్పినట్టు కాదు.

వాన కొలతకూ లెక్క ఉంది. రోజులో 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన. 64.4 వరకు మోస్తరు. 64.5 నుంచి 115.5 వరకు భారీ. అక్కడి నుంచి 204.4 వరకు అతి భారీ. ఆపైన అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్ల నీళ్లు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. 5 మిల్లీమీటర్ల వానకు చెరకు తోటలో దుమ్ము అణుగుతుంది, తడి తీరదు. అదే 5 మిల్లీమీటర్లు కల్లంలోని పసుపు మీద పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. ‘తేలికపాటి వానే కదా’ అని ఊరుకోవద్దు. ఎవరి పంటకు ఎంత వాన ముప్పో వాళ్లే లెక్క వేసుకోవాలి.

వారంలో రెండుసార్లు

జగిత్యాల పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఉత్తర తెలంగాణ జిల్లాలకు మంగళ, శుక్రవారాల్లో సలహా పత్రం ఇస్తుంది. అందులో రాబోయే ఐదు రోజుల వాన, వేడి, గాలిలో తేమ, గాలి వేగం, మేఘాలు ఉంటాయి. మేఘాలను 8 భాగాల లెక్కన చెబుతారు. సున్నా అంటే తేట ఆకాశం, 8 అంటే పూర్తిగా మొగులు. వాన సున్నా ఉన్నా మేఘాలు 6, 7 ఉంటే పసుపు ఎండటం ఆలస్యమవుతుంది.

ఫోనులో ‘మేఘదూత్’ యాప్ ఉంటే ఈ సమాచారం తెలుగులో దొరుకుతుంది. లేనివారు రైతు వేదికలో ఏఈవోను అడగండి. ఒక్కమాట గుర్తుంచుకోండి. రాళ్ల వాన ఏ ఊళ్లో పడుతుందో ఐదు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. జిల్లాకు పసుపు రంగు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధం కావాలి, ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడాలి. ఆ పూట మూడు గంటల ముందస్తు హెచ్చరికలు కూడా వస్తాయి.

ఏ పంటకు ఏం చేయాలి?

పసుపు: వాన సూచన ఉన్న రోజుల్లో కొత్తగా ఉడకబెట్టవద్దు. పరిచిన పసుపును సాయంత్రం కుప్పచేసి పరదా కప్పాలి. కల్లం చుట్టూ చిన్న కాలువ తీస్తే కిందినుంచి తడి రాదు. సరిగా ఎండడానికి 10 నుంచి 15 రోజులు పడుతుంది. కొమ్ము విరిస్తే టక్కున శబ్దం రావాలి. తొందరపడి పచ్చి సరుకు మార్కెట్ యార్డుకు తోలితే ధర దక్కదు.

వరి: వర్ని, కోటగిరి, బోధన్ వైపు యాసంగి నాట్లు ముందే వేసి, రాళ్ల వానలు ముదరకముందే కోసుకునే అలవాటు ఉంది. ఆలస్యంగా నాటేవారు వచ్చే ఏడాది ఈ పద్ధతి ఆలోచించాలి. కోతకు పది రోజుల ముందు నీళ్లు తీసేయాలి. కోసిన వడ్లు తడిస్తే కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటిందని ఆపుతారు. పరదాలు ముందే సమకూర్చుకోండి.

చెరకు: వాన లేని ఎండ వారంలో పిలకలకు ఆరు రోజులకోసారి తడి ఇవ్వాలి. కార్శి తోటలో ఆకును తగలబెట్టకుండా సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, పీక పురుగు తగ్గుతుంది.

మందు పిచికారీ ఏ పంటకైనా వాన సూచన లేని రోజునే పెట్టుకోండి.

పిడుగు, నష్టం

ఉరుము వినబడితే చెట్టు కిందికి పోవద్దు, మోటారు స్టార్టరు ముట్టవద్దు. పసుపు తడిస్తే మళ్లీ ఎండపెట్టుకోవచ్చు, మనిషి పోతే రాడు. పంట దెబ్బతింటే వెంటనే ఏఈవోకు తెలపండి. నష్టం 33 శాతానికి తగ్గకపోతేనే సాయానికి లెక్కిస్తారు, కనుక పొలం దున్నేముందే చూపించాలి.

చివరగా ఒక పని. నిటారు గోడలున్న డబ్బా ఒకటి చెట్టూ గోడా అడ్డంలేని చోట పెట్టండి. వాన వెలిసాక స్కేలుతో నీటి లోతు కొలిచి, తేదీతో నోటుపుస్తకంలో రాయండి. రెండు మూడేళ్లు రాస్తే సూచనలో చెప్పింది ఎంత, మీ చేనులో పడింది ఎంత అన్నది మీకే తేలుతుంది.