మైదానమున పరుగు, మనసులోని మాట

నందిగామ, జగ్గయ్యపేటల వంటి చిన్న పట్టణములలో చక్కగా పరుగెత్తు పిల్లవానిని ఎల్లరు నెరుగుదురు. ఆ పేరే వానికి బరువు కావచ్చును. తన మనస్సు బాలికలవైపు కాక బాలురవైపే మొగ్గుచున్నదని పదునారేండ్లవాడు గ్రహించెననుకొందము. ఒకరితో చెప్పినచో సాయంకాలమునకు ఊరెల్ల తెలియునని, డ్రిల్లుమాస్టరు జట్టునుండి తొలగించునేమోయని వాని భయము.

ఈ భయము ఊరక కలిగినది కాదు. ఒడిషాలో చేనేత కుటుంబమున పుట్టి, హైదరాబాదులో శిక్షణ పొందిన ద్యుతీ చంద్ 2018 ఆసియా క్రీడలలో రెండు రజత పతకములు గెలిచెను. 2019 మే నెలలో తాను ఒక యువతిని ప్రేమించుచున్నానని బహిరంగముగా చెప్పెను. భారతదేశపు పేరొందిన క్రీడాకారులలో అట్లు చెప్పిన మొదటి వ్యక్తిగా ఆమెను పేర్కొందురు. ఇంటివారే ఎదురుతిరిగిరి. అయినను ఆ జూలైలోనే నేపుల్సు నగరమున, ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో, 100 మీటర్లు 11.32 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణపతకము సాధించెను.

ఇది రోగము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను వ్యాధుల పట్టికనుండి తొలగించెను. వయోజనుల నడుమ ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధము నేరమును కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున మందులకును, మ్రొక్కులకును, తొందరపడి చేయు పెండ్లికిని ఇది మారునది కాదు.

బిడ్డ నోరు విప్పినపుడు తలిదండ్రులు చేయవలసినది స్వల్పము: కసరక వినుట, వాని అనుమతి లేక మరియొకరికి చెప్పకుండుట, మరునాటి ఉదయము ఎప్పటివలెనే మైదానమునకు పంపుట.