పద్యనాటక నటులు – ప్రథమవైముఖ్యము, అనంతరాస్వాదము

తెలుగు పద్యనాటకమును గూర్చి వ్రాసినవారిలో కొందరు నటులను మిక్కిలి కీర్తించిరి. కొందరు తీవ్రముగా నిందించిరి. కాని మొదట వినినపుడు రుచింపని నటుడు, కొంతకాలము గడచిన పిమ్మట అదే ప్రేక్షకునకు ప్రీతిపాత్రుడగుట ఎట్లు సంభవించును అను ప్రశ్నను విడిగా తీసికొని పరిశీలించుట అరుదు. ఇది వ్యక్తుల అభిరుచికి సంబంధించిన విషయమని త్రోసిపుచ్చుట తగదు. పద్యనాటకమును తరగతిలో బోధించు అధ్యాపకునకు ఇది నిత్యానుభవము. పాత గ్రామఫోను రికార్డునుండి హరిశ్చంద్రుని కాటిసీను పద్యమొకటి వినిపించినచో విద్యార్థులలో కొందరు నవ్వుదురు. కొందరు విసుగు చెందుదురు. అదే పద్యమును అర్థసందర్భములు తెలిసికొని నాలుగైదు మారులు విన్నవారిలో పలువురు దానిని మరల వినగోరుదురు. ఈ నడుమ శ్రోతయందు కలిగిన మార్పు ఏమో తెలిసికొనుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా ఈ గానపద్ధతి పుట్టుకను స్మరింపవలెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారి ప్రదర్శనములు ఆంధ్రదేశమున నాటకాభిరుచిని రేకెత్తించినవి. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శనముతో సురభి నాటకసంప్రదాయము ఆరంభమయ్యెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) తమ నాటకములలో పద్యములతోపాటు పాటలను చేర్చిరి. పిమ్మట తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకము ఊరూర ప్రదర్శింపబడెను. పద్యమును రాగయుక్తముగా చదువుట మనకు పురాణపఠనమునుండియు ఉన్నదే. నాటకశాలలో హార్మోనియము తోడుకాగా ఆ చదువు గానముగా పరిణమించెను.

ఆ గానము ఏల అంత హెచ్చు స్థాయిలో నడచినది? శబ్దవర్ధక యంత్రము లేని కాలమున నటుడు పందిరి చివర నేలమీద కూర్చున్న ప్రేక్షకునకు సైతము పద్యాక్షరములు అందింపవలసి యుండెను. దీపముల వెలుగులో అంతదూరమునకు నటుని ముఖభావములు గోచరింపవు. కావున ముఖము చేయవలసిన పనిలో కొంత కంఠమునకు సంక్రమించినది. తారస్థాయి, దీర్ఘోచ్చారణము, పద్యాంతమున రాగవిస్తారము – ఇవి మూడును ఆ అవసరమునుండి బలపడినవి. మైకు ముందు మెల్లగా పాడు చలనచిత్రగాయకులకు అలవడిన చెవికి ఈ కంఠము అరపుగా తోచుటలో వింతలేదు.

గ్రామఫోను రికార్డు ఈ కష్టమును ఇనుమడింపజేసినది. నిమిషమునకు 78 మారులు తిరుగు ఆ రికార్డుపై ఒక్కొక్క ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషములకన్న పట్టదు. పద్యమునకు పూర్వమున్న సంభాషణము చాలవరకు తొలగిపోవును. అర్ధరాత్రి వేళ, చంద్రమతీ లోహితాస్యుల కథనంతయు చూచి, కాటికాపరియైన రాజు నోట వినవలసిన పద్యము, ఏ పూర్వరంగమును లేక ఒక్కసారిగా చెవిలో పడును. సందర్భము లోపించిన చోట రాగము మాత్రమే మిగులును. డి. వి. సుబ్బారావు మొదలైన ప్రసిద్ధ హరిశ్చంద్రుల రికార్డులను నేడు వినువాడు దీనిని మరువరాదు.

ఇక శాస్త్రదృష్టితో చూతము. నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమునందలి రససూత్రమును వ్యాఖ్యానించుచు అభినవగుప్తుడు ఏడు రసవిఘ్నములను చెప్పెను. అవి సంభావనావిరహము, స్వగతపరగతములైన దేశకాలవిశేషముల ఆవేశము, నిజసుఖాదులచే వివశుడగుట, ప్రతీత్యుపాయవైకల్యము, స్ఫుటత్వాభావము, అప్రధానత, సంశయయోగము అనునవి. ప్రేక్షకుని ప్రథమవైముఖ్యమును వివరించుటకు ఇంతకన్న అనువైన పరికరము కానరాదు. ఏలయన, "ఈ నటుడు నచ్చలేదు" అను వాక్యమును ఈ పట్టిక "ఏ విఘ్నము కలిగినది?" అను ప్రశ్నగా మార్చును.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. స్వకీయ సుఖదుఃఖములచే వివశుడైన ప్రేక్షకుని మనస్సును నాటకమువైపు త్రిప్పుటకు గీతవాద్యాదులు ఉపాయములని అభినవగుప్తుడు చెప్పెను. అనగా సంగీతము మూడవ విఘ్నమునకు పరిహారము. కాని అదే సంగీతము మేర మీరినపుడు రసమునకు అంగముగా నుండవలసినది అంగియై, అప్రధానత అను ఆరవ విఘ్నమునకు కారణమగును. పద్యనాటకగానమును గూర్చి నూరేండ్లకు పైబడి జరిగిన వాదమంతయు ఈ రెండు విఘ్నముల నడుమ జరిగినదే.

ఈ మేరను నిర్ణయించుట ఎట్లు? ఛందస్సు ఇచట సహాయపడును. చంపకోత్పలమాలలు, శార్దూల మత్తేభములు గణబద్ధములైనను తాళబద్ధములుగా పాడబడవు. వాక్యము పాదాంతమున ఆగక తరువాతి పాదములోనికి ప్రవహించుట తెలుగు పద్యమునకు సహజము. కావున నటుడు రాగమునకై ఆగదగిన తావులు పరిమితములు: సంబోధనము, వాక్యము ముగియు తావు, పద్యాంతము. సమాసము నడుమ ఆగి రాగమును సాగదీసినచో స్ఫుటత్వాభావము కలుగును. శ్రోత పదమును పోగొట్టుకొనును. వాక్యార్థము పూర్తియైన పిమ్మట సాగించిన రాగము, అప్పటికే అందిన భావమును మనస్సున నిలుపును. మొదటిమారు వినువాడు ఈ రెండింటిని వేరుచేయజాలడు. వానికి అంతయు సాగదీతగానే వినబడును. పద్యమును కంఠస్థము చేసికొని విన్నవాడు మాత్రము నటుడు ఆగిన తావును గుర్తించును. పూర్వము పల్లెప్రేక్షకులలో పెక్కుమందికి ఉద్యోగవిజయముల పద్యములు నోటికి వచ్చుననుట ప్రసిద్ధము. వారు "వన్స్‌మోర్" అనుటలో వ్యామోహము కొంత ఉన్నను, తెలిసిన పద్యమును నటుడు ఎచట విరిచెనో, ఎచట నిలిపెనో పరీక్షించు నేర్పును ఉండెను.

రెండవ ఉదాహరణము స్థానం నరసింహారావు (1902–1971). పురుషుడు స్త్రీపాత్రను ధరించుట నేటి ప్రేక్షకునకు మొదటి చూపున ఎబ్బెట్టుగా తోచును. ఇది సంశయయోగము: చూచుచున్నది నటునా, సత్యభామనా అను ఊగిసలాట. భరతుడు పాత్రధారణమును మూడు విధములుగా విభజించి, పురుషుడు స్త్రీపాత్రను, స్త్రీ పురుషపాత్రను ధరించుటను అందొక విధముగా పరిగణించెను. కాని శాస్త్రసమ్మతి మాత్రముచే రుచి కలుగదు. స్థానమువారి కీర్తికి మూలము స్త్రీసామాన్యమును అనుకరించుట కాదు. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి – ఈ నలువురును నలుగురు వేర్వేరు వ్యక్తులు. ఒకతెకు అభిమానము, ఒకతెకు వృత్తిచాతుర్యము, వేరొకతెకు రాజసము ప్రధానము. వీరిని ఒకే నటుడు వేరువేరుగా నిలిపెనని తెలిసినపుడు ప్రేక్షకుని ప్రశ్న మారును. "ఇతడు స్త్రీవలె ఉన్నాడా?" అని అడిగినవాడు, "ఈమె సత్యయేనా?" అని అడుగనారంభించును. సంశయము తీరుట అనగా ఇదియే. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామకై ఆయన స్వయముగా కూర్చుకొన్న పాట 1966లో వచ్చిన ఆ పేరి చలనచిత్రమునను స్థానము పొందినది. అనగా ఆ పాత్రస్వభావమును ఆయన పట్టుకొన్న తీరు రంగస్థలమును దాటి నిలిచినది. ఆయనకు 1956లో పద్మశ్రీ లభించెను.

మూడవవారు ఈలపాట రఘురామయ్యగా ప్రసిద్ధులైన కల్యాణం రఘురామయ్య (1901–1975). వ్రేలు నోట నుంచుకొని ఈలతో పద్యమును, రాగమును పలికించుట వీరి ప్రత్యేకత. దీనిని గారడిగా భావించి పెదవి విరచినవారికి కారణము లేకపోలేదు. నటుని నేర్పు పాత్రను కప్పివేయునేమో యను శంక న్యాయమైనదే. కాని వీరు పేరొందినది కృష్ణపాత్రకు. కృష్ణుడు వేణుధరుడు. ఆ ఈలను పిల్లనగ్రోవికి ప్రతినిధిగా గ్రహించినచో అది పాత్రకు వెలుపలిది కాక పాత్రలోనిదే యగును. వాస్తవమున ఉన్నదానిని ఉన్నట్లు చూపునది లోకధర్మి. సంకేతముచే చూపునది నాట్యధర్మి. లోకధర్మి కన్నులతో చూచిన గారడి నాట్యధర్మి కన్నులకు అభినయమగును. అదే ఈల మరియొక పాత్రయందు ఈ సమర్థనము పొందజాలదు. కావున మెప్పునకు హేతువు విద్య మాత్రమే కాదు, విద్యకును పాత్రకును గల పొందిక.

దీనికి విపర్యయముగా బళ్లారి రాఘవను (1880–1946) చూడవలెను. ఆయన పద్యమును పాడుటకన్న పలుకుటకు ప్రాధాన్యమిచ్చెను. భావమును రాగమునకు బలిచేయరాదని వాదించెను. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు మొదలైన పాత్రలను వాచికముతోడను ముఖాభినయముతోడను నడిపెను. రాగమునకై వచ్చిన శ్రోతకు ఇట్టి నటుని పద్ధతి మొదట వెలితిగా తోచును. నేటి విద్యార్థికి గానము అడ్డమైనట్లే, ఆ శ్రోతకు గానము లేకపోవుట అడ్డమగును. దీనిచే ప్రథమవైముఖ్యము నటుని గుణదోషములకంటె ప్రేక్షకుడు వెంట తెచ్చుకొన్న అలవాటును ఎక్కువగా తెలుపునని తేలుచున్నది. ఈ రెండు మార్గములకు సంధివంటివారు పీసపాటి నరసింహమూర్తి (1920–2007). శ్రీకృష్ణ రాయబారమున వారి పద్యపఠనములో రాగమును ఉన్నది, పదస్ఫుటత్వమును ఉన్నది. గానమునకు విముఖుడైన విద్యార్థికి వారి పద్యములను ముందు వినిపించి, పిమ్మట దీర్ఘరాగగాయకులను వినిపించుట మంచి క్రమము.

అయినను ప్రతి వైముఖ్యమును అభ్యాసముచే జయింపవలసినదే యనుట అతివాదము. ఒకే రాత్రి ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా ప్రవేశించుట, కంట్రాక్టు నాటకములలో నటులు కలిసి అభ్యాసము చేయకయే రంగమెక్కి పద్యములతో పోటీపడుట మొదలైనవి రసదృష్టికి దోషములే. రాత్రియంతయు ఒకే కంఠము నిలువజాలకపోవుట, ఒక్కొక్క నటునకు ఒక్కొక్క ఘట్టమున పేరుండుట ఈ ఆచారమునకు కారణములని తెలిసికొనవచ్చును. కాని కారణము తెలియుటచే దోషము గుణము కానేరదు. పరీక్ష ఇది: పద్యము, సందర్భము, ప్రదర్శనపరిస్థితి తెలిసిన పిమ్మట తొలగిపోయిన అరుచి ప్రేక్షకునిది, అప్పటికిని తొలగని అరుచికి నటుడే బాధ్యుడు.

పద్యనాటకములు నేటికిని పాఠ్యగ్రంథములుగా చదువబడుచున్నవి. కాని వానిని బ్రతికించిన నటులు పాఠ్యప్రణాళికలో కానరారు. వారి కళలో నిలిచినది కొన్ని రికార్డులు, కొన్ని ఛాయాచిత్రములు, చూచినవారి జ్ఞాపకములు. ఆ చూచినవారు ఏటేట తగ్గుచున్నారు. మొదటి నవ్వుతోనే రికార్డును ఆపివేసినచో ఆ నటులు రెండవమారు మరణించినట్లే. కావున బోధకుడు పద్యమును ముందు ప్రతిపదార్థముతో చెప్పి, పూర్వసంభాషణమును చదివించి, పిమ్మట ఒకే పద్యమును ఇద్దరు నటుల నోట వినిపింపవలెను. ఎవరు ఎచట ఆగిరి, ఏ పదమును ఎత్తిరి, రాగము అర్థమునకు ముందు వచ్చినదా వెనుక వచ్చినదా అని విద్యార్థులచేత వ్రాయింపవలెను. పరిశోధకులు జీవించియున్న వృద్ధనటులను, హార్మోనిస్టులను కలిసి వారి పఠనపద్ధతులను నమోదుచేయుట అంతకన్నను త్వరపడి చేయవలసిన పని. అట్లు పరీక్షించి విన్న పిమ్మట ఆ నటుడు నచ్చకున్నను నష్టము లేదు. ఆ నిరాకరణమునకు అప్పుడు విమర్శయను పేరు చెల్లును.