బ్రౌన్ (ఇంటిపేరు)

బ్రౌన్ ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో విస్తృతంగా కనిపించే ఒక ఇంటిపేరు. తెలుగువారికి ఇది ముఖ్యంగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 - 1884) ద్వారా పరిచయము. కడప ప్రాంతంలో ఆయనను "బ్రౌను దొర" అని వ్యవహరించేవారు.

వ్యుత్పత్తి

ఇంగ్లీషు ఇంటిపేర్లను స్థూలంగా నాలుగు రకాలుగా విభజిస్తారు: వృత్తిని తెలిపేవి (స్మిత్ - కమ్మరి), స్థలాన్ని తెలిపేవి (హిల్ - కొండ), తండ్రి పేరు నుండి వచ్చినవి (జాన్సన్ - జాన్ కొడుకు), రూపాన్ని లేదా స్వభావాన్ని బట్టి వచ్చినవి. బ్రౌన్ నాలుగవ రకానికి చెందినది. గోధుమ వర్ణాన్ని తెలిపే ప్రాచీన ఆంగ్ల పదం "బ్రూన్", ప్రాచీన ఫ్రెంచి పదం "బ్రున్" దీనికి మూలాలు. జుట్టు, మేనిఛాయ లేదా ధరించే వస్త్రాల రంగును బట్టి మొదట ఇది మారుపేరుగా ఏర్పడింది. బ్రున్ అనే వ్యక్తి పేరు కూడా ఉండేది. కొన్ని కుటుంబాలకు ఆ పూర్వీకుని పేరే ఇంటిపేరుగా నిలిచింది.

చరిత్ర

1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాత వంశపారంపర్యమైన ఇంటిపేర్లు క్రమంగా వాడుకలోకి వచ్చాయి. 1538 నుండి చర్చిలలో జననమరణాల, వివాహాల నమోదు మొదలుకావడంతో అవి మరింత స్థిరపడ్డాయి. బ్రౌనె, బ్రూన్ వంటి వర్ణక్రమ భేదాలు ఉన్నాయి. స్కాట్లాండులో "న్యాయాధిపతి కుమారుడు" అనే అర్థం గల గేలిక్ పేరు కూడా ఆంగ్లీకరణలో బ్రౌన్‌గా మారింది. అమెరికాకు వలస వెళ్ళిన జర్మనులలో కొందరు బ్రాన్ అనే తమ పేరును బ్రౌన్ అని మార్చుకున్నారు. అక్కడ 1865లో బానిసత్వం రద్దయ్యాక విముక్తులైన అనేక నల్లజాతి కుటుంబాలలోనూ ఈ పేరు నిలిచింది. కనుక ఇద్దరికి బ్రౌన్ అనే పేరు ఉన్నంత మాత్రాన వారు ఒకే వంశీకులని చెప్పడానికి వీలులేదు.

రాయలసీమతో సంబంధం

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడప చేరిన చార్లెస్ అక్కడే తెలుగు నేర్చుకోవడం ప్రారంభించాడు. కడపలో బంగళా కొని, పండితులను నియమించి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కడపలో ఆయన నివసించిన స్థలంలో నేడు సి.పి. బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉన్నది.

తెలుగు ఇంటిపేర్లతో పోలిక

తెలుగులో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. ఇంగ్లీషులో ఇంటిపేరు చివర ఉంటుంది. అందుచేత "సి.పి. బ్రౌన్"లో పొడి అక్షరాలు వ్యక్తి పేరును సూచించగా, తెలుగు పేర్లలో మొదటి పొడి అక్షరం సాధారణంగా ఇంటిపేరును సూచిస్తుంది. దరఖాస్తులు నింపేటప్పుడు "చివరి పేరు" అన్నచోట ఇంటిపేరు వ్రాయాలా, వ్యక్తి పేరు వ్రాయాలా అనే సందేహం ఈ భేదం వల్లనే కలుగుతుంది.

తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేర్లు అధికం. ఊరి పేరు అసలు ఇంటిపేరును మరుగుపరచడమూ ఉన్నది. 1846లో కంపెనీ పాలనపై తిరుగుబాటు చేసి, 1847లో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంటిపేరు మజ్జారి. ఉయ్యాలవాడ ఆయన ఊరు. 2021లో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయానికి కూడా ఊరి పేరుతో కూడిన ఈ పేరునే పెట్టారు.

ఈ ఇంటిపేరు గల ప్రముఖులు

* రాబర్ట్ బ్రౌన్ (1773 - 1858) - వృక్షశాస్త్రవేత్త. "బ్రౌనియన్ చలనం" ఈయన పేరిట ఏర్పడింది.
* జాన్ బ్రౌన్ (1800 - 1859) - అమెరికాలో బానిసత్వాన్ని వ్యతిరేకించి పోరాడినవాడు.
* గోర్డన్ బ్రౌన్ - 2007 నుండి 2010 వరకు బ్రిటన్ ప్రధానమంత్రి.