మూలనపడ్డ బండికి కిక్ కొట్టే ముందు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చాలామంది చూసే ఉంటారు. మన మహబూబాబాద్‌కు ఎవరి పేరు ఉందో, ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు అది. ఆయన 1911లో ఇంతెకాల్ అయ్యారు. 1912 మోడల్ కారు ఏడో నిజాంకు దక్కింది. అది తిరిగింది 356 మైళ్లేనట! ఏళ్ల తరబడి మూలనపడి, మరమ్మతు తర్వాతే మళ్లీ కళకళలాడింది.

అంత తక్కువ తిరిగిన బండికి రిపేరు ఎందుకు? ఇంజిన్ నడిస్తే అరుగుతుంది, నిలబడితే తుప్పు పడుతుంది. ఆయిల్ కిందికి దిగిపోయి బోరు ఆరిపోతుంది. తేమకు పిస్టన్ రింగులు పట్టేస్తాయి. పెట్రోల్ జిగురై కార్బురేటర్‌ను మూసేస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి.

గూడూరులో అబ్బా స్కూటర్‌ను దుప్పటి కప్పి దాచుకున్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. పండక్కి బయటికి తీద్దామని ఒక్కసారిగా కిక్ కొట్టకండి, తోసి స్టార్ట్ చేయకండి. తుప్పు బోరును గీరేస్తుంది. ముందు ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్ లేకుండానే కిక్ రాడ్‌ను చేత్తో మెల్లగా నొక్కి చూడండి. ఇంజిన్ తిరిగితే పాత పెట్రోల్, ఆయిల్ మార్చి, కార్బురేటర్ కడిగిస్తే చాలావరకు పని అయిపోతుంది.

తిరగకపోతేనే హెడ్ విప్పాలి. బోరులో గీతలు పడితే లేత్ షాపులో బోరింగ్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్, కొత్త రింగులు వేస్తారు. ఖర్చు పెరిగేది ఇక్కడే. అందుకే ఆ సైజు పిస్టన్ దొరుకుతుందా అని మిస్త్రీని ముందే అడగండి. పాత పార్టులు పారేయనివ్వకండి, కొలతకు అవే ఆధారం. అబ్బా గుర్తుగా దాచిన బండిని తొందరపడి ఒక్క కిక్‌తో పాడుచేసుకోవద్దు.