గుర్రం కాలు విరిగినప్పుడు రెండవ కాలి సంరక్షణ

2006 మే 20న అమెరికాలోని ప్రీక్‌నెస్ పందెంలో బార్బరో అనే గుర్రానికి కుడి వెనుక కాలు పలుచోట్ల విరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు లోహపు పట్టీ, 27 మరలతో ఎముకలను కలిపారు. మత్తు వీడే వేళ కాళ్లు విదిలించి మళ్లీ గాయపడకుండా తెప్ప ఆధారంతో నీటి కొలనులో ఉంచారు. అయితే జులైలో ఎడమ వెనుక గిట్టకు లామినైటిస్ తలెత్తింది. చివరకు 2007 జనవరి 29న దానికి కారుణ్య మరణం కల్పించవలసి వచ్చింది.

గాయపడిన కాలు మోపలేని బరువును ఎదుటి కాలు నిరంతరం మోస్తుంది. కదలిక లేనందున ఆ గిట్టలో రక్తప్రసరణ తగ్గి, గిట్టను ఎముకకు పట్టి ఉంచే పొరలు దెబ్బతింటాయి. కాబట్టి నొప్పి నివారణ, మెత్తని పడక, ఆరోగ్యవంతమైన గిట్టకు అడుగు నుంచి ఆధారం, దాని వేడిని రోజూ పరీక్షించడం మొదటి రోజు నుంచే చికిత్సలో భాగం కావాలి.