వార్తల్లో పదం: అట్రాసిటీ కేసు

నూజివీడు మామిడి తోటలో చిక్కంతో కాయలు దించే దళిత కూలీని ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి నలుగురిలో కులం పేరుతో తిడితే అది మామూలు తగాదా కాదు, అట్రాసిటీ కేసు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1985 జులైలో కారంచేడు ఊళ్లో మాదిగపల్లె తాగునీటి చెరువులో ఆధిపత్య కులం వాళ్లు గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే దళితులు వద్దన్నారు. నీళ్లకొచ్చిన మహిళ మీదికి చెయ్యెత్తితే ఆమె బిందె ఎత్తింది. 17న ఆ కులం వాళ్లు మాదిగపల్లెపై దాడిచేసి ఆరుగురిని చంపేశారు. బతికినవాళ్లు చీరాలలో శిబిరం వేశారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులతో దళిత మహాసభ పుట్టింది. ఆ పోరాటాల ఒత్తిడి ఢిల్లీదాకా వెళ్లింది. దళితుల తాగునీటిని పాడుచేయడమూ ఈ చట్టంలో నేరమే. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ బిందే కళ్లముందు మెదులుతుంది.