లండన్‌లో మా తాలూకా రాళ్లు

యూరప్ రోడ్ ట్రిప్ ప్లాన్ చేసే ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ దాదాపు ఒకే లిస్టు తిరుగుతుంటుంది. ప్యారిస్‌లో ఈఫిల్ టవర్, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో కాలువలు, కొలోన్‌లో పెద్ద చర్చి, లండన్‌లో బిగ్ బెన్. రోజుకు ఎనిమిది స్పాట్లు, స్పాట్‌కు ఇరవై నిమిషాలు, నాలుగు రీల్స్. తప్పేం లేదు. అంత డబ్బు పెట్టి వెళ్లాక అన్నీ చూడాలనే ఉంటుంది. కానీ గుంటూరు, పల్నాడు వైపు నుంచి వెళ్లేవాళ్ల లిస్టులో ఇంకొకటి కూడా ఉండాలి. లండన్ నడిబొడ్డున టికెట్ లేకుండా చూడగలిగే ఒక గది. అందులో ఉన్నవి మన రాళ్లు.

మనవి అని ఊరికే అనడం లేదు. 1880ల నాటి ప్రభుత్వ రికార్డుల్లో అమరావతి ఉన్నది సత్తెనపల్లి తాలూకాలో. ఇవాళ ఈ రెండూ పల్నాడు జిల్లాలోనే ఉన్నాయి. సత్తెనపల్లిలో బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ అమరావతి స్తూపం శిల్పాలు 120కి పైగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఏడుగురం, ఒక వ్యాన్

గత వేసవిలో మేం ఏడుగురం కలిసి ట్రిప్ వేశాం. లండన్‌లో ఉద్యోగం చేస్తున్న బావ, అక్క, నేను, నా ఇద్దరు ఫ్రెండ్స్, వాళ్లలో ఒకడి భార్య, మా పెదనాన్న. పెదనాన్నది సత్తెనపల్లి దగ్గర పత్తి, మిర్చి సేద్యం. తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకుని లండన్‌లో బయల్దేరాం. వ్యాన్‌తో సహా రైలెక్కితే సముద్రం అడుగున సొరంగంలోంచి 35 నిమిషాల్లో ఫ్రాన్స్. అవతల ఒడ్డున కుడివైపు నడపాలి కాబట్టి మొదటి రౌండ్‌అబౌట్ దగ్గర వ్యాన్‌లో ఏడుగురూ డ్రైవర్లే! పులిహోర, గోంగూర పచ్చడి, కారప్పొడితో ప్యారిస్, బ్రూజ్, ఆమ్‌స్టర్‌డ్యామ్, కొలోన్ తిరిగొచ్చాం. చివరి రోజు లండన్‌కి మిగిలింది.

ఆ రోజు వ్యాన్ ఇంటి దగ్గరే వదిలేసి మెట్రోలో వెళ్లాం. పొద్దున వెస్ట్‌మినిస్టర్‌లో బిగ్ బెన్, పక్కనే అబ్బే, నది అవతల లండన్ ఐ. సెయింట్ జేమ్స్ పార్కులోంచి నడిస్తే బకింగ్‌హామ్ ప్యాలెస్. అక్కణ్ణుంచి ట్రఫాల్గర్ స్క్వేర్. ఫొటోలు వందలు దాటాయి. పెదనాన్న మాత్రం, "ఇవన్నీ మీరు ఫోన్లో చూపించినవే కదరా" అన్నాడు.

మధ్యాహ్నం నడుచుకుంటూ బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లాం. బ్యాగుల తనిఖీ అయ్యాక లోపల గాజు పైకప్పు కింద పెద్ద ఆవరణ. జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు, రోసెట్టా రాయి వైపు వెళ్తున్నారు. మేం చైనా, దక్షిణాసియా గ్యాలరీ అయిన 33వ నంబరు గదికి వెళ్లాం. దాని చివర, గాజు అవతల 33ఎ. జపాన్ పత్రిక అసాహీ షింబున్ సాయంతో 1992లో తెరిచిన అమరావతి గ్యాలరీ ఇదే. తేమకూ గాలికీ రాయి పాడవకుండా ఆ గాజు.

"ఇది మన రాయి కదరా!"

ముందుగా మాట్లాడింది పెదనాన్నే. బొమ్మల్ని కాదు, రాయిని చూశాడు. "ఒరే అబ్బాయ్, ఇది మన నాపరాయి జాతే కదరా! పిడుగురాళ్ల వైపు దొరికే రాయి."

నిజం కూడా అదే. పుస్తకాల్లో 'అమరావతి మార్బుల్స్' అని రాస్తారు గానీ ఇది పాలరాయి కాదు. పల్నాడు సున్నపురాయి. సన్నగా చెక్కడానికి బాగా లొంగుతుంది. అందుకే వేలెడంత మనిషి బొమ్మలో కూడా తలపాగా మడతలు కనిపిస్తాయి.

ఆ గదిలో ఒక్క పలక ముందే అరగంట నిలబడొచ్చు. దానికి రెండు వైపులా చెక్కడమే. ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. అది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి పని. అప్పట్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించకుండా ఇలా గుర్తులతోనే చెప్పేవాళ్లు. సుమారు మూడొందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనక మొత్తం స్తూపాన్నే చెక్కారు. వాకిట్లో సింహాలు, ఎత్తైన స్తంభాలు, గుమ్మటం, పైన ఎగిరే దేవతలు. ఇవాళ అమరావతిలో మిగిలింది స్తూపం అడుగుభాగమే. దాదాపు 50 మీటర్ల వ్యాసం ఉన్న ఆ కట్టడం పూర్తిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇలాంటి పలకల వల్లే తెలుస్తోంది.

ఇంకో పలక మీద మాయాదేవి కల, బుద్ధుడి పుట్టుక గళ్లు గళ్లుగా ఉన్నాయి. ఇప్పటి కామిక్ స్ట్రిప్ లాగే. అమరావతి రాళ్ల మీద దాతల పేర్లు కూడా దొరికాయి. వాళ్లంతా రాజులేం కాదు. విధికుడు అనే చెప్పులు కుట్టే మనిషి కుటుంబంతో కలిసి పలక ఇచ్చుకున్నాడు. అమరావతి శాసనంలోనే ఉన్న 'నాగబు' అనే మాటను తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు.

దీపాలదిన్నె నుంచి థేమ్స్ దాకా

18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చారు. కొత్త ఊరికి ఇటుక, రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే మట్టిగుట్ట కనిపిస్తే పనివాళ్లు తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. కబురు తెలిసి కాలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈ రెండు రాకల మధ్య గుట్ట చాలా వరకు తరిగిపోయింది. కొన్ని రాళ్లు గోడల్లోకి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి.

1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కించి లండన్ తరలించారు. అక్కడా వెంటనే మర్యాద దక్కలేదు. 1867 ప్యారిస్ ప్రదర్శన కోసం భారతీయ శిల్పాల ఫొటోలు వెతుకుతున్న జేమ్స్ ఫెర్గూసన్‌కి ఇవి ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో కనిపించాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి.

ఎవరి మాట కరెక్టు?

బయట మెట్ల మీద కూర్చున్నాక వాదన మొదలైంది.

"ఇక్కడికి తెచ్చారు కాబట్టే మిగిలాయి. లేకపోతే ఏ సున్నం బట్టీలోనో కాలిపోయేవి" అన్నాడు బావ.

"మద్రాసులో ఎండకీ వానకీ వదిలేసిందెవరు? తెచ్చాక కూడా కొట్టంలోనే కదండీ పడేశారు" అంది అక్క.

ఇద్దరి మాటా నిజమే. మరి తిరిగొస్తాయా? 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, సేకరణలోని వస్తువుల్ని ఇచ్చేయడానికి ట్రస్టీలకు వీల్లేదు. పార్థినాన్ శిల్పాల కోసం గ్రీసు దశాబ్దాలుగా అడుగుతున్నా ఇదే అడ్డు. మన ప్రకాశం జిల్లా చందవరం కథ వేరు. అక్కడి బౌద్ధ శిల్పం ఒకటి దొంగల చేతుల్లో పడి న్యూయార్క్ మార్కెట్ చేరితే, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. అది దొంగసొత్తని తేలాక 2016లో భారత్‌కు అప్పగించింది. దొంగతనానికి ఆధారం చూపిస్తే దారి ఉంది. వలస పాలకులే ఓడెక్కించిన వాటికి ఆ దారి లేదు.

కానీ మూడో దారి ఒకటుంది. 2023 డిసెంబర్‌లో ముంబై ఛత్రపతి శివాజీ మహారాజ్ మ్యూజియంలో మొదలైన ప్రదర్శనకు బ్రిటిష్ మ్యూజియం తన శిల్పాల్ని అప్పుగా పంపింది. అదే ఏడాది మన ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్లాయి. రాళ్లు అటు వెళ్లగలిగినప్పుడు, ఇటూ రాగలిగినప్పుడు, ఆ రెండు వైపుల పలక ఆరు నెలలైనా అమరావతికి ఎందుకు రాకూడదు? వాపసు మాట తేలేదాకా మనం గట్టిగా అడగాల్సింది ఇదని నాకు అనిపిస్తోంది. దానికి తగ్గ భద్రత, గాలీ తేమా అదుపులో ఉండే గది ఇక్కడ కావాలి. దాన్ని కట్టమని అడగాల్సింది మన ప్రభుత్వాలనే.

మీరు వెళ్తే

• షెంజెన్ వీసాతో లండన్ వెళ్లలేరు. బ్రిటన్‌కు వీసా విడిగా తీసుకోవాలి.

• బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితం. ముందే ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకుంటే క్యూ తగ్గుతుంది. పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా, శుక్రవారం రాత్రి 8.30 దాకా తెరిచి ఉంటుంది.

• కొన్ని రోజులు కొన్ని గదులు మూసేస్తారు. 33, 33ఎ తెరిచి ఉన్నాయో లేదో బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

• గ్రూపుగా వెళ్తే ఈ గదికి కనీసం గంట కేటాయించండి. తలా ఒక పలక ఎంచుకుని, కథ చదివి మిగతావాళ్లకు చెప్పండి. మాలో బాగా చెప్పింది పెదనాన్నే.

• విదేశీ టూర్ బడ్జెట్ లేకపోయినా ఫర్వాలేదు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాల పెద్ద సేకరణ ఉంది. మదపుటేనుగు నాళగిరిని బుద్ధుడు లొంగదీసే ప్రసిద్ధ ఫలకం అక్కడిదే. అమరావతిలో స్తూపం, పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయి. పొద్దున్నే సత్తెనపల్లిలో టిఫిన్ చేసి బయల్దేరితే రెండూ చూసుకుని, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి దర్శనం కూడా చేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.